స్ట్రాబెర్రీ నారును కొండ మీద మనమే పెంచుకోవడం ఎలా?

ఏటా ఆగస్టు సగం దాటేసరికి ఒడిశాలోని కొరాపుట్ కొండల మీద పొట్టంగి, సెమిలిగుడ, నందపురం వైపు తెలుగు రైతులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈసారి స్ట్రాబెర్రీ మొక్కలు ఎక్కడ దొరుకుతాయండీ?" సాలూరు ఘాటు ఎక్కి వచ్చేవారూ, అరకు నుంచి ఫోన్ చేసేవారూ అదే అడుగుతారు. అప్పటికి నేను చెప్పగలిగేది చాలా తక్కువ, ఎందుకంటే అక్టోబరులో పొలంలో నాటవలసిన మొక్కకు ఏర్పాట్లు ఫిబ్రవరిలోనే మొదలు కావాలి.

మన దేశంలో స్ట్రాబెర్రీకి పెద్ద కేంద్రం మహారాష్ట్రలోని సతారా జిల్లా, అందులోనూ మహాబలేశ్వర్, పాంచ్‌గణి, వాయి ప్రాంతం. అక్కడి నర్సరీలు విదేశాల నుంచి తల్లి మొక్కలు తెప్పించుకొని, వానాకాలంలో వాటి నుంచి పిల్ల మొక్కలు తీసి, సెప్టెంబరు నుంచి అమ్ముతాయి. ఆ మొక్కలు కొరాపుట్ కొండలకు చేరాలంటే రెండు మూడు రోజుల ప్రయాణం తప్పదు. ఒక ఏడాది నేను అలా తెప్పించిన పెట్టెలు తెరిచినప్పుడు లోపలి నుంచి చేతికి వేడి తగిలింది. ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా అని నాటేశాను. మూడు వారాల్లో సగానికి సగం వాడిపోయాయి, మిగిలినవి క్రిస్మస్ దాటినా పూతకు రాలేదు. పది సెంట్ల రైతుకు అటువంటి దెబ్బ ఆ ఏడాది సంపాదన మొత్తాన్నీ తీసుకుపోతుంది.

అందుకే, తల్లి మొక్కలను మాత్రమే నమ్మకమైన చోట కొద్ది సంఖ్యలో కొని, పిల్ల మొక్కలను ఇక్కడే తీసుకోవడం మేలని నా అభిప్రాయం. పని కష్టమైనది కాదు గానీ, మన వానాకాలం నారుమడికి శత్రువు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాన నుంచి మొక్కను ఎలా కాపాడాలన్నదే.

మొదలు పెట్టే ముందు తెలియవలసింది

స్ట్రాబెర్రీని గింజ నుంచి పెంచితే తల్లి గుణాలు రావు. తల్లి మొక్క నుంచి నేల మీద పాకే తీగలను రన్నర్లు అంటాము. రన్నరు మీద సాధారణంగా ఒక కణుపు విడిచి మరొక కణుపు దగ్గర పిల్ల మొక్క పుడుతుంది, తడి మట్టి తగలగానే వేరు దిగుతుంది. వేర్లకూ ఆకులకూ మధ్య ఉండే పొట్టి కాండమే క్రౌన్. దాని నడుమ ఉన్న లేత మొవ్వు చచ్చిపోతే మొక్క పోయినట్లే.

మన దగ్గర వేసే వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామారోసా, చాండ్లర్ వంటి రకాలు పగటి కాలం ఎక్కువగా, వాతావరణం వెచ్చగా ఉన్నప్పుడు రన్నర్లు వేస్తాయి. పగలు తగ్గి చలి మొదలైతే పూతకు వస్తాయి. కొరాపుట్‌లో జూన్ నెలలో కూడా పగలు సుమారు 13 గంటలే. పదిహేను, పదహారు గంటల పగలు ఉండే చల్లని దేశాల్లో ఒక తల్లి మొక్క ఇచ్చే పిల్లల సంఖ్యను చదివి మన లెక్క వేసుకుంటే మోసపోతాము.

పది సెంట్ల పొలానికి లెక్క

ఎకరానికి సుమారు 22,000 మొక్కలు నాటే పద్ధతిలో పది సెంట్లకు 2,200 కావాలి. చనిపోయేవాటి చోట మళ్లీ నాటడానికి మరో 200 కలిపి 2,400 అనుకోండి. ఒక తల్లి మొక్క నుంచి నాటడానికి పనికివచ్చే పిల్లలు 12 మాత్రమే వస్తాయని లెక్క వేసుకోవాలి. ఎక్కువ వస్తే సంతోషం, కానీ ఆశ మీద లెక్క కట్టవద్దు. అంటే 200 తల్లి మొక్కలు చాలు. వీటికి మీటరు వెడల్పు, 15 మీటర్ల పొడవు గల ఆరు మడులు, మధ్య అర మీటరు బాటలు అవసరం. మొత్తం మూడున్నర సెంట్ల లోపు స్థలం.

కావలసినవి

- 200 తల్లి మొక్కలు, వాటితో పాటు రకం పేరు రాసిన చీటీలు
- 50 గుంటల ప్రోట్రేలు (నారు పెంచే ప్లాస్టిక్ పళ్లాలు) 50 వరకు (టమాటా నారుకు వాడే 98 గుంటల ట్రే స్ట్రాబెర్రీ వేరుకు చాలదు)
- కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), బాగా మాగిన వర్మీకంపోస్టు
- పందిరికి వెదురు, 200 మైక్రాన్ల యూవీ పాలిథీన్ షీటు, 50 శాతం షేడ్‌నెట్
- సన్న డ్రిప్ లాటరల్ పైపులు, లేదా మొక్క మొదలు దగ్గర నీళ్లు పోయడానికి మూతి సన్నగా ఉన్న డబ్బా
- హెయిర్‌పిన్నులా వంచిన జీఐ తీగ ముక్కలు
- పదునైన కత్తెర, దాన్ని తుడవడానికి సర్జికల్ స్పిరిట్
- వేపపిండి, ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం), పశువుల ఎరువు, వరిగడ్డి

అన్నీ ఒకేసారి కొనలేకపోతే షేడ్‌నెట్‌ను వదిలి, వెదురు తడికల మీద పలుచగా కొమ్మలు పరచి నీడ ఇవ్వవచ్చు. పాలిథీన్ షీటును మాత్రం వదలవద్దు.

1. స్థలం ఎంచుకోండి

గత మూడు నాలుగేళ్లలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేసిన నేలలో స్ట్రాబెర్రీ నారుమడి పెట్టవద్దు. ఆ పంటల వడలు తెగులు శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి స్ట్రాబెర్రీకి కూడా సోకుతుంది. కుండులి సంతకు కూరగాయలు పంపే గ్రామాల్లో ఇటువంటి నేల దొరకడం కష్టమేనని నాకు తెలుసు, అయినా వెతకండి. చోడి, సామ, మొక్కజొన్న వేసిన నేల మేలు. అల్లం కుళ్లిన మడిని కూడా నేను వదిలేస్తాను, ఎందుకంటే అక్కడ నీరు నిలుస్తుందని ఆ కుళ్లే చెబుతోంది.

పై పొలాల నుంచి వాన నీరు దిగివచ్చే చోటు వద్దు. పక్క రైతు స్ట్రాబెర్రీ పొలం నుంచి వచ్చే కాలువ నీటిని నారుకు పెట్టవద్దు. మన ఎర్ర నేలలు చాలా చోట్ల పుల్లగా ఉంటాయి. ఈ మొక్కకు పీహెచ్ (నేల పులుపు కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి కాబట్టి సెమిలిగుడలోని కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి, వారు చెప్పినంత సున్నమే వేయండి. అంచనా మీద సున్నం చల్లితే ఇనుము అందక ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

2. మట్టిని ఎండకు కాగనివ్వండి

ఏప్రిల్‌లో నేలను మెత్తగా దున్ని, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథీన్ షీటును నేలకు అంటుకునేలా పరచి, అంచులను మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల షీటు ఈ పనికి అంత బాగా పనికిరాదు, ఎండ వేడి మట్టిలోకి దిగాలంటే షీటు తెల్లగా పారదర్శకంగా ఉండాలి. మే చివరిలో షీటు తీశాక లోతుగా దున్నవద్దు. కింది మట్టి పైకి వస్తే చేసిన పని వృథా అవుతుంది.

ఈలోగా 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో కుప్ప వేసి, తడి ఆరకుండా గోనె కప్పి, పది పదిహేను రోజులు ఉంచి మడుల్లో కలపండి. పచ్చి పేడ ఎరువు వేస్తే దానితో పాటు వేరు పురుగు వస్తుంది. మడి ఎత్తు 30 సెంటీమీటర్లు తగ్గకుండా, వాలుకు అనుగుణంగా నీరు పోయే దారి ఉండేలా చేయండి.

3. తల్లి మొక్కలు: కొనాలా, పొలంలోవి ఉంచుకోవాలా?

రెండు మార్గాలూ ఉన్నాయి. టిష్యూ కల్చర్ ద్వారా, అంటే ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి తయారైన, రకం పేరు రాతపూర్వకంగా ఇచ్చే ప్రయోగశాల లేదా నర్సరీ నుంచి మే చివరికి అందేలా ఫిబ్రవరిలోనే ఆర్డరు పెట్టడం మొదటి మార్గం. తెగుళ్ల దృష్ట్యా ఇదే మంచిది. చేతిలో డబ్బు తక్కువైతే సగం కొని, సగం పొలంలోవి ఉంచుకోండి, కానీ రెండింటినీ వేర్వేరు మడుల్లో పెట్టండి.

పొలంలోవి ఉంచుకోవడం రెండో మార్గం. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పంట అయిపోయాక, మార్చి చివరిలో, పచ్చగా మిగిలిన మొక్కలను పెరికి తల్లి మొక్కలుగా పెట్టుకుంటారు. కాయ తక్కువ కాసిన మొక్కే ఎప్పుడూ ఎక్కువ పచ్చగా ఉంటుంది! అందువల్ల తెలియకుండానే కాపులేని మొక్కలను ఎన్నుకుంటాము. ఫిబ్రవరిలో కాయ కోసేటప్పుడే నిండుగా కాసి, కాయ ఆకారం బాగుండి, ఆకులో ముడతలు, పసుపు అంచులు, మచ్చలు లేని మొక్కలకు ఎర్ర దారం కట్టండి. కోత పని చేసే ఆడవాళ్లకు ఈ పని అప్పగిస్తే మనకంటే బాగా చేస్తారు, రోజూ ప్రతి మొక్కనూ చేత్తో తాకేది వారే కదా.

ఒకే తల్లి వరుసను రెండేళ్లకు మించి కొనసాగించవద్దు. పేనుబంక మోసుకువచ్చే వైరస్‌లు చాలాసార్లు ఆకు మీద గుర్తు చూపించవు, కాయ సైజు ఏటేటా తగ్గిపోవడమే వాటి గుర్తు. "మా నేలలో రకం అరిగిపోయింది" అని రైతులు అనేది చాలావరకు ఇదే.

4. ఎండాకాలం దాటించండి

ఉంచుకున్న మొక్కల ముసలి ఆకులు తీసేసి, తడి మట్టి ఉండే తాత్కాలిక మడిలో, 50 శాతం షేడ్‌నెట్ కింద ఏప్రిల్, మే నెలలు గడపనివ్వండి. నీళ్లు ఉదయం పూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయాలి. ఎర్రనల్లి వచ్చేది ఇప్పుడే: ఆకు కింద తెల్ల కాగితం పట్టి ఆకును తట్టండి, ఇసుక రేణువుల్లాంటివి కదిలితే నల్లి ఉన్నట్లే. అటువంటి ఆకులను కోసి కాల్చి, మిగిలిన వాటికి ఆకు అడుగు భాగం తడిసేలా మందు కొట్టాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఉద్యాన అధికారిని అడిగి, డబ్బా మీది సూచన చదివి నిర్ణయించండి.

జూన్ మొదటి వారంలో మడి నడుమ ఒకే వరుసగా, 45 సెంటీమీటర్ల దూరంలో తల్లి మొక్కలను నాటండి. మొవ్వు నేల మట్టానికి సరిగ్గా పైన ఉండాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది, పైకి వదిలితే వేరు ఎండుతుంది. ఆ తరువాత కనిపించిన ప్రతి పూమొగ్గనూ తుంచేయండి. పూవు మీద జాలి చూపినంత కాలం రన్నరు రాదు.

5. వానకు ముందే పైకప్పు వేయండి

ఈ ఒక్క మెట్టును నిర్లక్ష్యం చేసి నారు మొత్తం పోగొట్టుకున్న వారిని నేను చాలా మందిని చూశాను. ఆంత్రాక్నోస్ అనే కుళ్లు తెగులు వాన చినుకు నేల మీద పడి చిమ్మినప్పుడు ఆ తుంపరతో ఒక మొక్క నుంచి మరో మొక్కకు పోతుంది. జూలై, ఆగస్టుల్లో మన కొండల మీద రోజుల తరబడి ముసురు పట్టి ఉంటుంది కాబట్టి, బయట పెంచిన నారులో ఒక్క రోగి మొక్క ఉన్నా నెల రోజుల్లో మడి అంతా అంటుకుంటుంది.

జూన్ రెండో వారానికి ముందే షేడ్‌నెట్ తీసేసి, వెదురు పందిరి మీద పాలిథీన్ షీటు బిగించండి. నడుమ ఎత్తు ఎనిమిది అడుగులు, పక్కలు పూర్తిగా తెరిచి ఉండాలి. పక్కలు మూస్తే లోపల ఆవిరి పట్టి మరో రకం కుళ్లు మొదలవుతుంది. షీటు మీద నీరు గుంటలా నిలవకుండా తాళ్లతో లాగి కట్టండి. బాటల్లో వరిగడ్డి పరిస్తే చిమ్మే మట్టి తగ్గుతుంది. ప్లాస్టిక్ మల్చింగ్ షీటు మీద చినుకు ఇంకా ఎక్కువగా చిమ్ముతుంది.

ఇంకొక మాట గుర్తుంచుకోండి. బయట కుండపోతగా కురుస్తున్నా పందిరి కింద మొక్కకు ఆ నీరు అందదు. ముసురు రోజుల్లో నీళ్లు పెట్టడం మరిచిపోయి మొక్కలను ఎండబెట్టిన రైతులూ ఉన్నారు. వేలు మట్టిలో రెండు కణుపుల లోతుకు దించి చూసి నీళ్లు పెట్టండి.

6. రన్నర్లను దారిలో పెట్టండి

జూన్ చివరి నుంచి రన్నర్లు కనిపిస్తాయి. మొదట వచ్చే ఒకటి రెండు సన్నని రన్నర్లను కోసేస్తే తల్లి బలపడుతుంది. ఆ తరువాత ఒక్కో తల్లికి అయిదారు రన్నర్లు ఉంచి, ఒక్కో రన్నరు మీద మొదటి రెండు, మూడు పిల్లలనే తీసుకొని కొసను తుంచేయండి. నాలుగో, అయిదో పిల్ల కూడా బతుకుతుంది గానీ క్రౌన్ పెన్సిలు కంటే సన్నగా ఉండి కాపు ఆలస్యమవుతుంది.

లీటరు నీటికి 2 గ్రాముల 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) పదిహేను రోజులకు ఒకసారి మొక్క మొదలు దగ్గర పోస్తే చాలు. యూరియా వద్దు. నత్రజని ఎక్కువైన లేత మొక్కకే కుళ్లు తెగులు తొందరగా పడుతుంది. జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొక్క ఎదుగుదలను పెంచే హార్మోను) పిచికారీ చేస్తే రన్నర్లు పెరుగుతాయన్నది నిజమే. 20 లీటర్లకు 1 గ్రాము, అంటే 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50), ఒక్కసారి కొడతారు. బలమైన మొక్కలకైతే ప్రయత్నించవచ్చు. నీరసంగా ఉన్న తల్లి మీద కొడితే కాడలు సాగి, పిల్లలు తీగల్లా బలహీనంగా వస్తాయి కనుక నేను సలహా ఇవ్వను.

7. పిల్ల మొక్కకు వేరు దించండి

కోకోపీట్‌ను మూడు సార్లు నీటిలో నానబెట్టి పిండి ఉప్పు పోగొట్టాలి, స్ట్రాబెర్రీ ఉప్పును తట్టుకోలేదు. మూడు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు వర్మీకంపోస్టు కలిపి ట్రేలు నింపండి. వాడిన ట్రేలైతే ముందు బ్లీచింగ్ పౌడరు నీటిలో ముంచి కడగాలి.

తల్లి పక్కనే ట్రే పెట్టి, పిల్ల మొక్క అడుగున తెల్లని వేరు బుడిపెలు కనిపించగానే దాన్ని గుంటలో కూర్చోబెట్టి, దాని వెనుక రన్నరు తీగను జీఐ తీగ కొక్కెంతో నొక్కండి. కొక్కెం క్రౌన్‌కు తగలకూడదు. రన్నరును అప్పుడే కోయవద్దు, వేరు పట్టే వరకు తల్లే దానికి తిండి పెడుతుంది. మూడు వారాలు దాటాక మొక్కను మెల్లగా పైకి లాగి చూడండి: గట్టిగా ఎదురు లాగితే తల్లి వైపు రెండు సెంటీమీటర్ల తీగ ఉంచి కోయండి, వదులుగా కదిలితే మరో వారం ఆగండి. కత్తెరను ఒక తల్లి నుంచి మరో తల్లికి వెళ్లే ముందు స్పిరిట్‌తో తుడవాలి. విసుగు అనిపించినా ఇది మానవద్దు.

ట్రేలు కొనలేకపోతే మడి మీదే వేరు దించవచ్చు. అప్పుడు పెరికేటప్పుడు వేర్లు తెగుతాయి, కాబట్టి నాటే రోజు సాయంత్రమే పెరికి అదే రోజు నాటాలి.

మరో పద్ధతి కొసలు కోసి నాటడం. ఒకటి రెండు ఆకులు విచ్చి, వేరు బుడిపె సెంటీమీటరు లోపు ఉన్న పిల్లలను ఆగస్టు రెండో వారం లోపల కోసి, నేరుగా ట్రేలో గుచ్చి, నీడలో తక్కువ ఎత్తు పాలిథీన్ గొడుగు కింద ఉంచి, మొదటి వారం రోజుకు అయిదారు సార్లు సన్నని తుంపర ఇవ్వాలి. పదో రోజుకు వేరు పడుతుంది, నాలుగైదు వారాలకు మొక్క సిద్ధమవుతుంది. అన్నీ ఒకే వయసులో రావడం దీని లాభం. ఆ మొదటి వారం ఇంట్లో ఎవరో ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఒక్క మధ్యాహ్నం తుంపర తప్పినా కొసలు వాలిపోతాయి.

8. సెప్టెంబరులో గట్టిపరచండి

నాటడానికి మూడు వారాల ముందు నుంచి నత్రజని పూర్తిగా ఆపండి, లేకపోతే ఆకు మీద ధ్యాస పెట్టి మొక్క పూతను ఆలస్యం చేస్తుంది. పది రోజుల ముందు నుంచి ట్రేలను ఉదయపు ఎండకు అలవాటు చేయండి, వానకు మాత్రం వదలవద్దు. నత్తలు ట్రేల అడుగున దాక్కుంటాయి, రాత్రి టార్చితో వెతికి ఏరెయ్యండి.

9. నాటే ముందు ఈ పరీక్షలు చేయండి

*క్రౌన్ కోత.* బాగున్నట్లు కనిపించే పది మొక్కలను తీసి క్రౌన్‌ను నిలువుగా చీల్చండి. లోపల తెల్లగా, వెన్న రంగులో ఉండాలి. ఎర్రటి గోధుమ రంగు చారలు ఉంటే అది క్రౌన్ కుళ్లు, ఆ తల్లి మడి పిల్లలన్నీ అనుమానాస్పదమే. పది మొక్కలు నష్టపోతున్నామని బాధపడి ఈ పరీక్ష మానేసేవారు తరువాత వెయ్యి పోగొట్టుకుంటారు.

*వెలుతురులో ఆకు.* ఆకును సూర్యుని వైపు పట్టి చూడండి. ఆకు ఈనెలకు మధ్య కోణాలుగా, నూనె కాగితంలా వెలుతురు పారే మచ్చలు ఉంటే బాక్టీరియా ఆకుమచ్చ. అలాంటివి నాటవద్దు.

*ఫ్రీజర్ పరీక్ష.* ఆంత్రాక్నోస్ పైకి కనిపించకుండా ఆకు కాడల్లో దాగి ఉంటుంది. జూలైలో, అంటే పిల్లలు తీయకముందే, ప్రతి మడి నుంచి ఇరవై ముదురు ఆకుల కాడలు తీసుకొని, పలుచని బ్లీచింగ్ నీటిలో ఒక నిమిషం ముంచి, మంచినీటితో కడిగి, ఇంటి ఫ్రిజ్ పైభాగంలోని ఫ్రీజరులో రెండు గంటలు ఉంచండి. తరువాత తడి కాగితం పరిచిన మూత డబ్బాలో అయిదారు రోజులు మామూలు గదిలో పెట్టండి. కాడల మీద నారింజ, గులాబీ కలిసిన రంగులో జిగట చుక్కలు లేస్తే ఆ మడిలో తెగులు ఉన్నట్లు అనుమానించి, ఆ డబ్బాను అలాగే కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకుపోయి చూపించండి. ఏ చుక్కా లేకపోయినా తెగులు అసలు లేదని హామీ కాదు, అనుమానం తగ్గుతుంది.

*వేరు, మందం.* ట్రే నుంచి తీస్తే మట్టి ముద్ద విడిపోకుండా, తెల్ల వేర్లు అల్లుకొని ఉండాలి. క్రౌన్ మందం కనీసం 8 మిల్లీమీటర్లు, అంటే మామూలు పెన్సిలు కంటే కాస్త ఎక్కువ. అంతకు సన్నగా ఉన్నవాటిని పారేయకుండా విడిగా ఒక మూల నాటండి.

ఎక్కువగా జరిగే తప్పులు

రకాలు కలిసిపోవడం అన్నిటికంటే బాధ పెడుతుంది, ఎందుకంటే అది తెలిసేది డిసెంబరులో. వింటర్ డాన్ ముందుగా కాస్తుంది, కామారోసా కాయ గట్టిగా ఉండి ప్రయాణం తట్టుకుంటుంది. విశాఖకు పంపుదామని కామారోసా అనుకొని పెట్టిన మడిలో సగం మరొకటి అయితే వ్యాపారి పెట్టె మొత్తానికీ తక్కువ ధర కడతాడు. రెండు రకాల తల్లి మడుల మధ్య కనీసం ఒక బాట ఖాళీగా వదిలి, అవతలికి పాకిన రన్నరును మొహమాటం లేకుండా కోసేయండి. చీటీ మీద పెన్సిలుతో రాయండి, పెన్ను రాత వానకు పోతుంది.

వాడిపోయిన మొక్కను చూడగానే నీళ్లు పోయడం ఇంకో తప్పు. వేరు కుళ్లిన మొక్క కూడా దాహం వేసినట్లే వాలుతుంది. ముందు పెరికి క్రౌన్ చీల్చి చూడండి. కుళ్లు అయితే చుట్టూ ఉన్న రెండు మొక్కలతో సహా మట్టితో పాటు తీసి, పొలం బయట కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. కాలువలో విసరవద్దు, ఆ నీరు కింది రైతుకు పోతుంది.

ఒకే శిలీంధ్రనాశినిని వారం వారం కొట్టడం వల్ల తెగులు దానికి అలవాటు పడుతుంది. పందిరి ఉంటే మందు అవసరం బాగా తగ్గుతుంది. మందు కొట్టవలసి వస్తే వేర్వేరు వర్గాల మందులు మార్చి వాడాలి, ఏవేవో అధికారితో రాయించుకోండి.

మొక్కలను గ్రామం నుంచి గ్రామానికి తీసుకువెళ్లేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టవద్దు. తడి ఆకులు కుప్పగా ఉంటే గంటల్లో వేడెక్కుతాయి. గాలి ఆడే పండ్ల క్రేట్లలో, ఆకులు పొడిగా, వేర్లు మాత్రం తడిగా ఉంచి, తెల్లవారుజామునే బయలుదేరండి. బయటి నుంచి కొన్న మొక్కలైనా పెట్టె తెరవగానే లోపల చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా అక్కడే ఫొటో తీసి, లెక్కపెట్టి, అమ్మినవారికి అదే రోజు తెలియజేయండి. నాటిన తరువాత చేసే ఫిర్యాదును ఎవరూ వినరు.

పొరుగువారికి ఇవ్వవచ్చా?

నారు మిగిలితే ఈ ప్రశ్న కూడా వస్తుంది. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన పొలంలో పెంచిన విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి వాడుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ చట్టంలో విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, అదే రకం మొక్కగా మళ్లీ ఎదగగల భాగం కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో, ముద్రించిన చీటీలతో అమ్మడానికి మాత్రం అనుమతి లేదు. తల్లి మొక్కలు కొన్నప్పుడు కంపెనీతో ఏదైనా ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే అందులోని షరతులు ముందు చదివించుకోండి, ముఖ్యంగా కాగితం మనకు చదవడం రాని భాషలో ఉన్నప్పుడు.

అయిదారుగురు రైతులు కలిసి ఒకే పందిరి వేసుకుంటే షీటు, డ్రిప్ ఖర్చు పంచుకోవచ్చు. కానీ ఎవరి తల్లి మొక్కలు వారి మడిలోనే ఉండాలి, కత్తెర ఎవరిది వారిదే. ఒకరి నిర్లక్ష్యం అందరికీ తగలకుండా ఈ మాట ముందే అనుకోవడం మంచిది.

నాటడం, ఆ తరువాత రెండు వారాలు

సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరి లోపు, సాయంత్రం చల్లబడ్డాక నాటండి. అక్టోబరు మొదటి పక్షంలో తుపాను సూచన ఉందేమో తప్పక చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి. ఆ రోజుల్లో కొత్తగా నాటిన ఏ పైరూ నిలిచేది కాదు. ట్రేలో ఉన్న మొక్కను మరో వారం పందిరి కిందే ఆపుకోవచ్చు, పెరికిన మొక్కకు ఆ వెసులుబాటు లేదు. ట్రేల కోసం డబ్బు పెట్టమని నేను పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం.

నాటిన పదో రోజుకు నడుమ నుంచి కొత్త ఆకు విచ్చుకోవడం కనిపించాలి. పాత ఆకు వాడి కొత్త ఆకు వస్తుంటే కంగారు పడవద్దు. పాత ఆకు పచ్చగానే ఉండి మొవ్వు నల్లబడితే లోతుగా నాటినట్లు. మట్టి తొలగించి చూసి, మొవ్వు బతికి ఉంటే పైకి సర్దండి. పద్నాలుగో రోజు వరుస వరుసకూ చనిపోయిన మొక్కలను లెక్కపెట్టి, ఏ తల్లి మడి నుంచి వచ్చినవో పుస్తకంలో రాసి, ట్రేల్లో మిగిలిన 200 మొక్కలతో నెలాఖరు లోపు ఆ ఖాళీలు నింపండి. ఒకే మడి పిల్లలు నూటికి పది కంటే ఎక్కువ చనిపోతే, వచ్చే ఫిబ్రవరిలో ఆ వరుసలో ఎంత మంచి కాయ కనిపించినా ఎర్ర దారం కట్టవద్దు.